బావ ఐదు వేరు, మీ ఐదు వేరు: బ్యాక్‌గామన్ ఎత్తులు రాసుకునే పద్ధతి

ప్రశ్న: మాది జగిత్యాల. గ్రూప్స్ ప్రిపరేషన్ కోసం హనుమకొండలో హాస్టల్‌లో ఉంటున్నాను. దుబాయ్‌లో పనిచేసే మా బావ పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు చెక్క బ్యాక్‌గామన్ బోర్డు ఒకటి తెచ్చి నాకు ఆట నేర్పారు. ఆయన దగ్గర అక్కడ ఇంకో బోర్డు ఉంది. రోజూ రాత్రి వాట్సాప్‌లో ఒక్కో ఎత్తు వేసుకుంటాం. పాచికలు యాప్‌లో వేసి స్క్రీన్‌షాట్ పెడతాం, బోర్డు ఫొటో తీసి పంపుకుంటాం. ఈమధ్య ఒకరోజు ఫొటో తీయడానికి బద్ధకమై మాటల్లో రాశాను: "4-4 పడింది. 20లో రెండు, 9లో రెండు పెట్టిన." మరుసటి రోజు చూస్తే ఆయన బోర్డు ఒక తీరుగా, నాది ఒక తీరుగా ఉంది. "నువ్వే కాయలు జరిపినవ్" అని ఆయన, "మీరే తప్పు పెట్టిన్రు" అని నేను. చివరికి మా అక్క ఇద్దరినీ తిట్టి ఆట ఆపించింది. ఫోన్‌లో కంప్యూటర్‌తో ఆడితే ఆట అయ్యాక 13/7, 8/7 అని భిన్నాల్లాంటివి కనిపిస్తాయి. వాటిని ఎలా చదవాలి? మేమూ అలా రాసుకోవచ్చా? దాచుకున్న పాత ఫొటోలను కూడా ఆ రాతలోకి మార్చుకోవచ్చా? ఆగిపోయిన ఆట ఫొటోలు పంపిస్తున్నాను.

ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీరు కాయలు జరపలేదు, మీ బావా జరపలేదు. ఈ మాట ముందు మీ అక్కకు చెప్పండి. మీ ఫొటోలన్నీ వరుసగా పెట్టి చూశాను. మీరు చెప్పిన 20 మీ వైపు నుంచి లెక్కపెట్టిన 20. ఆయన కాయలు పెట్టింది ఆయన వైపు నుంచి లెక్కపెట్టిన 20లో. ఒకే బోర్డు మీద అవి రెండు వేరు వేరు గళ్లు. 9 సంగతీ అంతే. మీ 20 ఆయనకు 5 అవుతుంది, మీ 9 ఆయనకు 16 అవుతుంది. ఈ రాతలో గట్టిగా పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: ఎత్తు ఎవరిదైతే అంకెలు వాళ్లవి. ఇది కుదిరితే మిగతాదంతా ఒక సాయంత్రం పని.

ముందు గళ్ల అంకెలు చూద్దాం. బోర్డు మీద కోసుగా ఉన్న గళ్లు 24. ఆట చివర్లో మీ కాయలన్నీ ఏ పావు భాగంలోకి చేరి పండుతాయో అది మీ ఇల్లు. ఆ ఇంట్లో బోర్డు అంచున, మూలకు ఉన్న గడి మీ 1. అక్కడి నుంచి మీ వైపు అంచు వెంట 2, 3, 4, 5, 6. తర్వాత మధ్య గట్టు వస్తుంది, దాన్నే బార్ అంటారు, దానికి గడి అంకె లేదు. గట్టు దాటగానే 7, అలా ఆ చివర 12 దాకా. అక్కడ ఎదుటి అంచుకు మారితే 12కి ఎదురుగా 13. ఇక వెనక్కి వస్తూ గట్టు దగ్గర 18, గట్టు దాటి 19, చివర మీ 1కి సరిగ్గా ఎదురుగా 24. మీ బావ కూడా ఇలాగే లెక్కపెడతారు, కాకపోతే ఆయన ఇంటి నుంచి. అందుకే మీ 1 ఆయనకు 24, మీ 24 ఆయనకు 1.

అవతలివాళ్ల అంకె కావాలంటే 25లోంచి మీ అంకె తీసేయండి. మీ 8 ఆయనకు 17. ఆయన 14 మీకు 11. తీసివేత కూడా అక్కర్లేని దారి ఇంకొకటుంది. ఏ గడికైనా ఎదురుగా ఉన్న గడి మీద మీ అంకె ఎంతో, ఈ గడిని అవతలివాళ్లు పిలిచే అంకె అదే. మీ 5కి ఎదురుగా మీ 20 ఉంటుంది, మీ బావ మీ 5ను 20 అనే అంటారు. బోర్డు ముందు కూర్చుని ఒకసారి వేలు పెట్టి చూడండి, వెంటనే తెలిసిపోతుంది.

మొదటి వారం పాత క్యాలెండర్‌లోంచి 1 నుంచి 24 దాకా తేదీలు కత్తిరించి బోర్డు అంచుల వెంట టేపుతో అంటించండి. మీ బావ కూడా తన వైపు నుంచి అలాగే అంటించుకోవాలి. ఆయన బోర్డులో ఇల్లు కుడి పక్కన, మీ బోర్డులో ఎడమ పక్కన ఉన్నా ఇబ్బంది లేదు. ఈ రాతకు కుడి ఎడమలతో పనిలేదు, ఇంటి మూల నుంచి ఎన్నో గడి అన్నదే లెక్క. ఫొటోలతో చిక్కు వచ్చేది ఇక్కడే. ఆయన తన కుర్చీలోంచి తీసిన ఫొటోను మీరు మీ కుర్చీలోంచి చూస్తారు, పైది కిందికి, కిందిది పైకి మారిపోతుంది. 13/7 అని రాస్తే ఏ కుర్చీలోంచి చదివినా ఒకటే.

ఇప్పుడు మీరు భిన్నాలనుకున్న వాటి సంగతి. 13/7లో గీత భాగహారం గుర్తు కాదు. "13 నుంచి 7కి" అని చదవండి. ఎడమన కాయ బయలుదేరిన గడి, కుడిన దిగిన గడి. పాచికలు ముందే రాస్తారు. 61: 13/7 8/7 అని ఉంటే, ఆరు, ఒకటి పడ్డాయి, ఆరుతో 13 నుంచి ఒక కాయ 7కి, ఒకటితో 8 నుంచి ఒక కాయ 7కి వచ్చాయి. 61ని అరవై ఒకటి అని చదివితే మనసుకు పాచికలు కనిపించవు. "ఆరు-ఒకటి" అని పైకి అంటూ చదవండి. పెద్ద అంకె ముందు రాయడం ఆనవాయితీ, ఒకటి-ఆరు పడ్డా 61 అనే రాస్తారు.

మీ అంకెల్లో మీ కాయ ఎప్పుడూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెకే వస్తుంది. 13/7 ఉంటుంది గానీ 7/13 ఉండదు. ఎడమ అంకె కంటే కుడి అంకె పెద్దదిగా కనిపిస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే, ఆట ముందుకు సాగనివ్వకండి. మీ గొడవ కూడా అక్కడే దొరికిపోయేది. మీరు 13 నుంచి తీసిన రెండు కాయలను మీ బావ తన 9లో, అంటే మీ 16లో పెట్టారు. 13 నుంచి 16కి! కాయ వెనక్కి నడిచింది. "9లో రెండు" అన్న మాటలో ఎక్కడి నుంచి అన్నది లేదు కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. 13/9(2) అని రాసి ఉంటే తన బోర్డు మీద 13, 9 ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఆగేవారు.

బ్రాకెట్లో 2 అంటే అదే ఎత్తును రెండు కాయలతో చేశారని. రెండు పాచికలూ ఒకటే అంకె పడితే ఆ అంకెను నాలుగుసార్లు ఆడతాం కదా, ఈ గుర్తు ఎక్కువగా అక్కడ పనికొస్తుంది. 66: 24/18(2) 13/7(2) అంటే నాలుగు ఆరులూ అయిపోయాయి. బ్రాకెట్ లేకపోతే ఒక్క కాయే కదిలిందని అర్థం.

ఇక మీ ఆటనే రాసి చూపిస్తాను. ఆరంభంలో ఎవరికైనా కాయలు ఇలా ఉంటాయి: 24లో రెండు, 13లో ఐదు, 8లో మూడు, 6లో ఐదు. మొత్తం పదిహేను. ఇది నోటికి వచ్చేయాలి. మొదట చెరో పాచిక వేశారు, మీకు మూడు పడింది, ఆయనకు ఒకటి. ఎక్కువ పడినవాళ్లు ఆ రెండు అంకెలతోనే మొదలుపెట్టాలి కాబట్టి మీది 31. తర్వాత ఫొటోల్లో ఉన్నది ఇది:

1. మీరు 31: 8/5 6/5
బావ 64: 24/18/14

2. మీరు 62: 13/11*/5
బావ 65: కదల్లేదు

3. మీరు 44: 24/20(2) 13/9(2)
బావ 21: బార్/23 24/23

మీ ఇద్దరి మూడేసి ఎత్తులూ ఇందులో ఉన్నాయి. వీటిని బోర్డు మీద ఆడుతూ చదవండి. రెండో పేరా నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినా ఫర్వాలేదు, చేత్తో కాయ కదిపితే తప్ప ఈ అంకెలు ఒంటబట్టవు.

మీ బావ మొదటి ఎత్తు 24/18/14. ఒకే కాయ ఆరు నడిచి 18లో ఆగి, అక్కడి నుంచి నాలుగు నడిచి 14కి వచ్చింది. మధ్య అంకె లేకుండా 24/14 అని రాసినా తప్పు లేదు, చాలామంది అలాగే రాస్తారు. కానీ ముందు నాలుగు, తర్వాత ఆరు నడిచే వీలు ఆయనకు లేదు. నాలుగు నడిస్తే 20కి రావాలి. ఆయన 20 అంటే మీ 5. అక్కడ మీరు అప్పుడే రెండు కాయలు పెట్టుకుని దారి మూసేశారు. కొత్తలో మధ్య మజిలీ కూడా రాసుకుంటే ఇలాంటివి కళ్లకు కడతాయి.

రెండో ఎత్తులో మజిలీ రాయక తప్పదు. మీకు ఆరు-రెండు పడింది. 13 నుంచి బయలుదేరిన కాయ 5కి చేరింది. దీనికి రెండు దారులున్నాయి. ముందు ఆరు నడిస్తే 7 మీదుగా వస్తుంది, అక్కడ ఎవరూ లేరు. ముందు రెండు నడిస్తే 11 మీదుగా వస్తుంది. మీ 11 అంటే ఆయన 14, అక్కడ ఆయన ఒంటికాయ నిలబడి ఉంది. మీరు ఆ దారిన వచ్చి దాన్ని చంపారు. నక్షత్రం గుర్తు చంపినందుకు. 13/5 అని ఊరుకుంటే ఆ కాయ చచ్చిందో బతికుందో చదివేవాళ్లకు తెలియదు. నక్షత్రం ఏ గడిలో చంపారో ఆ అంకె పక్కనే పడాలి, ఎత్తు చివర కాదు.

చచ్చిన కాయ గట్టు మీదికి ఎక్కుతుంది. అది మళ్లీ మీ ఇంట్లోంచి దిగాకే ఆయన వేరే కాయ కదపాలి. దిగే గడి ఏదంటే, ఆయన లెక్కలో 25లోంచి పాచిక అంకె తీసేస్తే వచ్చేది. ఆరు పడితే 19, ఐదు పడితే 20. అవి మీకు 6, 5. రెండు చోట్లా మీ కాయలు గుంపుగా ఉన్నాయి. అందుకే 65 పడినా ఆయనకు ఎత్తు లేదు. ఎత్తు లేకపోయినా పాచికలు రాసి "కదల్లేదు" అని తప్పకుండా రాయండి. ఖాళీగా వదిలేస్తే, పది రోజుల తర్వాత చూసినప్పుడు ఆయన వంతు పోయిందా, మీరు రాయడం మరిచారా అన్నది తేలదు.

మూడో ఎత్తులో ఆయనకు రెండు-ఒకటి పడింది. రెండుతో గట్టు మీది కాయ 23లో దిగింది, బార్/23. ఒకటితో 24లో మిగిలిన కాయ కూడా అక్కడికే వచ్చింది, 24/23. రెండూ కలిసి నిలబడ్డాయి. కొన్ని ప్రోగ్రాముల్లో బార్ బదులు 25 అని, కాయ పండి బయటికి వెళ్లినప్పుడు ఆఫ్ బదులు 0 అని వేస్తారు. 25/23 కనిపిస్తే కంగారు పడకండి, అది బార్/23నే.

రాత తప్పిందో లేదో కనిపెట్టడానికి మంచి సాధనం పిప్ లెక్క. ఒక్కో కాయ ఏ గడిలో ఉందో ఆ అంకెలన్నీ కూడండి. అది ఇల్లు చేరి పండడానికి మీకు మిగిలిన నడక. ఆరంభంలో రెండు 24లు 48, ఐదు 13లు 65, మూడు 8లు 24, ఐదు 6లు 30, మొత్తం 167. ఇద్దరికీ అంతే. ప్రతి ఎత్తుకూ పాచికల మొత్తం ఇందులోంచి తగ్గుతుంది. మీకు 31 పడ్డాక 163, 62 పడ్డాక 155, 44 అంటే నాలుగు నాలుగులు పదహారు, 139. బోర్డు చూసి కూడి చూడండి: 20లో రెండు, 13లో రెండు, 9లో రెండు, 8లో రెండు, 6లో నాలుగు, 5లో మూడు. సరిగ్గా 139 వస్తుంది.

మీ బావది ఇంకా బాగుంటుంది. 64 తర్వాత 157. మీరు చంపిన కాయ 14లో ఉండింది, అది గట్టు మీదికి, అంటే 25కి వెళ్లింది. ఆయన నడక 11 పెరిగి 168 అయింది. 65 వృథా, ఏమీ తగ్గలేదు. 21తో 165. బోర్డు మీద 23లో రెండు, 13లో ఐదు, 8లో మూడు, 6లో ఐదు కూడితే 165. రెండు దారుల్లో వచ్చిన లెక్క కలిసిందంటే రాత సరిగ్గా ఉన్నట్టు.

మీ గొడవ రోజున ఈ లెక్క వేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఆయన తన బోర్డు మీద మీ కాయలను మీ 5లో రెండు, మీ 16లో రెండు పెట్టారు. అప్పుడు ఆ బోర్డు మీద మీ లెక్క 123. ముందు 155 ఉన్నది ఒక్క ఎత్తుతో 32 తగ్గింది. 44కు తగ్గాల్సింది 16. అర నిమిషంలో దొరికేది. అందుకే ఇకనుంచి మెసేజ్ ఇలా పంపుకోండి: ఎత్తు నంబరు, పాచికలు, ఎత్తు, చివర మీ పిప్ లెక్క. "3. 44: 24/20(2) 13/9(2), 139." ఆయన తన బోర్డు మీద మీ కాయలు కదిపి కూడుతారు. 139 వస్తే తన పాచికలు వేస్తారు. రాకపోతే వేయరు. మీరు రాత్రి పదింటికి పంపితే అక్కడ ఎనిమిదిన్నర, డ్యూటీ నుంచి వచ్చి అలసిపోయి ఉన్న మనిషికి ఫొటోను తిప్పి తిప్పి చూడటం కంటే ఈ ఒక్క లైను సుఖం.

పిప్ లెక్క, పాచికల మొత్తం కలవని సందర్భం ఆట చివర్లో వస్తుంది. కాయలన్నీ ఇంటికి చేరాక పండించడం మొదలుపెడతారు. 63: 6/ఆఫ్ 3/ఆఫ్ అంటే ఆరుతో 6 లోది, మూడుతో 3 లోది పండాయి. 6లో కాయ లేక, అన్నిటికంటే వెనకది 5లో ఉంటే, ఆరుతో దాన్నే పండించాలి. రాత 5/ఆఫ్. ఆరు పడినా తగ్గేది ఐదే. అక్కడ లెక్క ఒకటి తేడా వస్తే తప్పు రాశామని టెన్షన్ పడకండి.

ఆట పందేన్ని రెట్టింపు చేసే క్యూబ్, అంటే 2, 4, 8, 16, 32, 64 అంకెలున్న పెద్ద పాచిక, మీ పెట్టెలో ఉంటే దాని రాత తేలిక. పాచికలు వేయకముందు "డబుల్ 2" అని, అవతలివాళ్లు ఒప్పుకుంటే "టేక్", వద్దంటే "పాస్" అని ఒక లైను. పాస్ అంటే ఆ ఆట అక్కడితో అయిపోయినట్టే. మీరిద్దరూ ఇంకా క్యూబ్ వాడటం లేదని ఫొటోల్లో తెలుస్తోంది. రాత అలవాటయ్యేదాకా వాడకపోవడమే మంచిది.

మీ బావను ఒక మాట అడగండి. అరబ్బు దేశాల్లో ఈ బోర్డు మీదే ఇంకొన్ని ఆటలు ఆడతారు. మహ్బూసా అనే దాంట్లో పదిహేను కాయలూ ఒకే గడిలో మొదలవుతాయి, ఒంటికాయను చంపరు, దాని మీద కూర్చుని కదలనివ్వరు. తోటివాళ్లతో ఆ ఆట ఆడి వచ్చిన రోజు మీతో ఆడేటప్పుడు నియమాలు కలగలిసే ప్రమాదం ఉంది. నోటు పుస్తకంలో మొదటి లైను మీద ఏ ఆటో రాసుకోండి.

చెస్‌లో గడికి ఒకటే పేరు, తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ అదే. ఇక్కడ ఒక్కో గడికి రెండు అంకెలు ఎందుకు పెట్టారన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. నేనైతే ఈ పద్ధతే బ్యాక్‌గామన్‌కు సరిపోతుందని అంటాను. ఇందులో ఇద్దరి కాయలూ ఎదురెదురు దిక్కుల్లో ఒకే దారిన నడుస్తాయి, ఇద్దరి ఆరంభమూ అద్దంలో చూసినట్టు ఒకటే. ఆరంభంలో మూడు-ఒకటి ఎవరికి పడినా మంచి ఎత్తు 8/5 6/5. నాలుగు-రెండుకు 8/4 6/4. ఐదు-మూడుకు 8/3 6/3. ఒక్కసారి నేర్చుకుంటే ఏ వైపు కూర్చున్నా పనికొస్తాయి. గడికి ఒకటే పేరు ఉండి ఉంటే ప్రతి ఎత్తునూ రెండు రకాలుగా గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పుస్తకాల్లో, యాప్‌లలో బోర్డు బొమ్మ వేసి అంచుల్లో అంకెలు అచ్చువేస్తారు. ఆ అంకెలు మామూలుగా కింద కూర్చున్న ఆటగాడివి. పైన కూర్చున్నవాళ్ల ఎత్తు 13/7 అని ఉంటే బొమ్మ మీద అచ్చయిన 13, 7 వైపు చూడకూడదు. 25లోంచి తీసేసి 12, 18 దగ్గర చూడాలి. కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇంత కష్టపడి రాయడం దేనికని మీ అక్క అడగొచ్చు. మన వరంగల్‌లో పుట్టిన చెస్ ఆటగాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. అతను ఎక్కడో ఆడిన ఆటను హనుమకొండలో ఒక పిల్లాడు ఇంట్లో బోర్డు ముందు పెట్టుకుని ఎత్తు ఎత్తుగా ఆడి చూసుకోగలుగుతున్నాడంటే అది రాత పుణ్యమే. చెస్ నేర్చే పిల్లలకు ఎత్తులు రాయడం మొదట్లోనే అలవాటు చేస్తారు. బ్యాక్‌గామన్ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునే ఆట కావడంతో మనవాళ్లు రాత జోలికి పోరు. పాచికల ఆటలో ఓడితే "పాచిక పడలేదు" అనేయడం చాలా సులువు. రాసిన కాగితం ముందుంటే ఆ మాట నిజమో కాదో తేలుతుంది. పాచిక పడలేదా, పడిన పాచికను మనం పాడుచేసుకున్నామా అన్నది ఎత్తు ఎత్తుకూ కనిపిస్తుంది. నాకు ఈ రాత మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఇదే.

దీనికి పెద్ద ఉదాహరణ ఆట చరిత్రలోనే ఉంది. ఆరంభంలో రెండు-ఒకటి పడితే ఏం చేయాలి? చాలాకాలం మేటి ఆటగాళ్లలో ఎక్కువమంది 13/11 6/5 ఆడేవారు. 5లో ఒంటికాయను పెట్టి, అది బతికితే తర్వాతి ఎత్తులో దానికి తోడు తెచ్చుకుందామన్న ఆశ. 1990ల ఆరంభంలో ఐబీఎంలో జెరాల్డ్ టెసారో టీడీ-గామన్ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. అది తనతో తనే లక్షల ఆటలు ఆడి నేర్చుకుంది. దానికి 24/23 13/11 నచ్చింది. మేటి ఆటగాళ్లు పరిశీలించి చూసి, తర్వాత చాలావరకు అటే మళ్లారు. చూడండి, ఏళ్ల తరబడి నడిచిన వాదం మొత్తం 6/5, 24/23 అనే రెండు చిన్న రాతల మధ్య తేడాలో ఇమిడిపోయింది. ఇప్పుడు ఆ రెండు ఎత్తులూ మీరు చదవగలరు, మీ బోర్డు మీద పెట్టి మీ బావతో వాదించగలరు.

మీరు రాసుకున్న ఆటను కంప్యూటర్‌కు చూపించాలనిపిస్తే గ్నూ బ్యాక్‌గామన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఎత్తులు ఎక్కిస్తే ఎక్కడ మంచి ఎత్తు వదిలేశారో చూపిస్తుంది. అది కూడా ఇదే భాష మాట్లాడుతుంది. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్‌లోనో రాసుకునే అలవాటు ఉంటే ఒక చిక్కు వస్తుంది: గడిలో 8/5 అని కొట్టగానే అది తేదీ అనుకుని మార్చేస్తుంది. ముందు ఒక సింగిల్ కోట్ గుర్తు పెట్టి కొట్టండి, మీరు రాసింది రాసినట్టే ఉంటుంది. నన్నడిగితే మాత్రం రూళ్ల నోటు పుస్తకమే మేలు. ఎడమ పేజీలో మీరు, కుడి పేజీలో బావ, నడుమ అంచులో పిప్ లెక్క. అనుమానం ఉన్న ఎత్తు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

పాత ఫొటోల విషయం. మార్చుకోవచ్చు, కొంచెం ఓపిక కావాలి. ఒక్కో ఫొటోకు రెండు వరుసలు రాయండి, మీ కాయలు మీ అంకెల్లో, ఆయన కాయలు ఆయన అంకెల్లో. ప్రతి వరుసా గట్టు మీదివి, పండినవి కలుపుకుని పదిహేను కావాలి. పద్నాలుగే వచ్చాయంటే ఫొటోలో చెయ్యి అడ్డుపడి ఒకటి కనిపించలేదన్నమాట. తర్వాత వరుసగా ఉన్న రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏ గడిలో తగ్గింది, ఏ గడిలో పెరిగింది చూడండి. తగ్గిన గడి గీతకు ఎడమన, పెరిగిన గడి కుడిన. పాచికల స్క్రీన్‌షాట్ దొరికితే ఇక సందేహం లేదు. దొరకకపోతే పిప్ తేడా చూడండి. పాచికలు పూర్తిగా ఆడి, తేడా 8 ఉంటే 62, 53, 44, 22లలో ఒకటి. 44కి తగ్గేది 16 కాబట్టి అది పోయింది, రెండుని నాలుగుసార్లు ఆడే 22కి మాత్రం తగ్గేది ఎనిమిదే. కదిలిన గళ్ల మధ్య దూరాలు చూస్తే మిగిలిన మూడింట్లో ఏదో తేలుతుంది. అవతలి కాయ ఒకటి గట్టు ఎక్కి కనిపిస్తే నక్షత్రం ఎక్కడ పెట్టాలో వెతకండి.

ఆగిపోయిన ఆటను మాత్రం పై మూడు లైన్ల తర్వాతి స్థితి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మీ బావ 21 ఎత్తు రెండు బోర్డుల మీదా చెల్లుతుంది, ఆయన దిగిన 23 గడి మీ 2, అక్కడ మీ కాయలు ఎప్పుడూ లేవు. కాబట్టి ఆయన తన బోర్డు మీద మీ కాయలు నాలుగు సరిచేసుకుంటే చాలు: మీ 5లోంచి రెండు తీసి మీ 20లో, మీ 16లోంచి రెండు తీసి మీ 9లో. ఆయన లెక్కలో చెప్పాలంటే 20లోంచి రెండు 5కి, 9లోంచి రెండు 16కి. సరిచేశాక ఆయన మీకు 139, 165 అని రాసి పంపాలి. ఇప్పుడు పాచికలు వేయాల్సింది మీరు.